విజయవాడలో అడుగే పెట్టని మనిషి మీద విజయవాడలో కుట్ర కేసు నడుస్తుందా?

మీ ప్రశ్న పొడవుగా ఉంది కాబట్టి, చదివేవాళ్ల కోసం ముందు రెండు ముక్కల్లో చెబుతాను. మీ తమ్ముడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కాలేజీ స్నేహితులు ఇద్దరు విజయవాడలో ఆఫీసు తెరిచి, నెలనెలా లాభం ఇస్తామని జనం దగ్గర డబ్బు తీసుకున్నారు. ఇంకొకడు డాలస్‌లో ఉన్నాడు. మీ వాడు వెబ్‌సైట్ చేసిచ్చాడు, కొన్ని జూమ్ మీటింగుల్లో కూర్చున్నాడు, అతని ఖాతాలో మూడు విడతలుగా డబ్బు పడింది. ఇప్పుడు విజయవాడలో ఎఫ్ఐఆర్: బీఎన్ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 318(4) కింద మోసం, 61(2) కింద నేరపూరిత కుట్ర. మీ తమ్ముడు ఏ3, అంటే మూడో నిందితుడు. "వాడు విజయవాడ వెళ్లనే లేదు, మాటలన్నీ బెంగళూరులో, హైదరాబాద్‌లో జరిగాయి. అక్కడి కోర్టుకు అధికారం ఉంటుందా? ఈ పాయింట్ మీద హైకోర్టులో క్వాష్ (కేసు కొట్టేయమనే పిటిషన్) వేస్తే పోతుందా?" అన్నది మీ ప్రశ్న.

అధికారం ఉంటుంది. మీరు రాసిన వివరాల ప్రకారం విజయవాడ కోర్టు ఈ కేసు విచారించవచ్చు. కుట్ర బెంగళూరులో జరిగిందనుకుంటే బెంగళూరు కోర్టు కూడా విచారించవచ్చు, హైదరాబాద్ కోర్టు కూడా. ఎక్కడ నడపాలన్నది చాలావరకు పోలీసుల చేతిలోనే ఉంటుంది. కేవలం "మా వాడు అక్కడికి వెళ్లలేదు" అని క్వాష్ వేస్తే దాదాపుగా డిస్మిస్ అవుతుంది. ఆ ఫీజు డబ్బు మిగుల్చుకోండి.

ఎందుకో చెబుతాను. నేను ఇరవై ఏడేళ్లుగా క్రిమినల్ వైపే పనిచేస్తున్నాను, ఎక్కువ కాలం గుంటూరులో, ఇప్పుడు హైదరాబాద్‌లో. ఈ పరిధి గొడవ మీద నేనూ చేతులు కాల్చుకున్నవాణ్నే.

మామూలు నేరానికి సూత్రం తేలిక. నేరం ఏ కోర్టు పరిధిలో జరిగితే ఆ కోర్టు విచారిస్తుంది. కేసులు నడిపే పద్ధతి చెప్పే పాత సీఆర్‌పీసీలో 177వ సెక్షన్, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 197. కత్తిపోటు తెనాలిలో పడితే కేసు తెనాలిలో. కుట్రకు కత్తిపోటు లాంటి జాగా లేదు. నేరం చేద్దామని ఇద్దరు ఒప్పుకోవడమే కుట్ర. 1913లో ఐపీసీలో 120ఏ, 120బీ చేర్చినప్పటి నుంచి ఇంతే, ఇప్పుడు బీఎన్ఎస్ 61 కూడా దాదాపు అదే మాట. నేరం చేయడానికి ఒప్పుకుంటే చాలు, ఆ నేరం జరగకపోయినా కుట్ర పూర్తయినట్టే. మరి ఆ ఒప్పుకోలు ఎక్కడ జరిగింది? ఒకడు బెంగళూరులో ఫోన్ పట్టుకున్నాడు, ఇంకొకడు బెజవాడలో "సరే" అన్నాడు. కాబట్టి చట్టం 198లో ఇంకో దారి పెట్టింది: నేరం కొంత ఒకచోట, కొంత ఇంకోచోట జరిగినా, ఎక్కడ జరిగిందో తేలకపోయినా, ఆగకుండా సాగే నేరమైనా, ఆ చోట్లలో ఏ కోర్టయినా విచారించవచ్చు. కుట్ర సాగే నేరం. ఒప్పందం కుదిరిన రోజున మొదలై, పని పూర్తయ్యేదాకానో, వదిలేసేదాకానో బతికే ఉంటుంది. ఆలోపు వాళ్లలో ఎవరు ఎక్కడ ఏం చేసినా, ఆ ఊరు కూడా లెక్కలోకి వస్తుంది.

దీని మీద 1961లో సుప్రీం కోర్టు రెండు తీర్పులిచ్చింది. ఇవాళ్టికీ పీపీలు (ప్రభుత్వం తరఫున వాదించే లాయర్లు) వీటినే చదువుతారు. మొదటిది డాల్మియా కేసు. కుట్ర కలకత్తాలో, ఫోర్జరీ లైసెన్సులు వాడింది మద్రాసులో. కుట్రను విచారించే కలకత్తా కోర్టు, ఆ కుట్ర కోసం మద్రాసులో జరిగిన నేరాలను కూడా విచారించవచ్చని తేల్చారు. రెండోది ముఖర్జీ కేసు, సరిగ్గా తిరగేసినట్టు: కుట్ర బయట జరిగింది, దాని ప్రకారం చేసిన మోసం మద్రాసులో. మద్రాసు కోర్టు మోసంతో పాటు కుట్రను కూడా విచారించవచ్చన్నారు. అంటే తాడు ఏ కొస పట్టుకున్నా రెండో కొస వెంట వస్తుంది. మీ తమ్ముడి కేసు ఈ రెండో రకం. డిపాజిటర్లు డబ్బు కట్టింది విజయవాడ ఆఫీసులో. అంతకు మించి పోలీసులకు ఇంకేమీ అక్కర్లేదు.

మోసం కేసైతే పోలీసులకు ఇంకో ఆసరా కూడా ఉంది, బీఎన్ఎస్ఎస్ 202. ఉత్తరాలు, ఫోన్లు, ఎలక్ట్రానిక్ సందేశాల ద్వారా మోసం చేస్తే, అవి పంపిన చోటా, అందుకున్న చోటా కేసు నడుస్తుంది. మోసపోయినవాడు డబ్బు ఇచ్చిన చోట, నిందితుడు తీసుకున్న చోట కూడా నడుస్తుంది. వాట్సాప్ గ్రూపులో డిపాజిటర్లు నూజివీడులో ఉంటే నూజివీడు కూడా వరుసలోకి వస్తుంది.

ఇప్పుడు నా కథ ఒకటి. పదిహేను, పదహారేళ్ల కిందటి మాట. గుంటూరులో కోల్డ్ స్టోరేజీ బాండ్ల కేసు. మిర్చి టిక్కీలు (బస్తాలు) నిల్వ ఉన్నాయని బాండ్లు పెట్టి బ్యాంకులో అప్పు తీశారు. బ్యాంకు వాళ్లు తనిఖీకి వెళ్లి తలుపు తీస్తే చలిగాలి తప్ప సరుకు లేదు. ఉన్న నాలుగు వరుసల టిక్కీలు కూడా ఇంకెవరివో. నా క్లయింట్ కర్ణాటక వ్యాపారి, బ్యాడిగి రకం కొనేవాడు, ఏ5. గుంటూరులో అతను చేసిన పనేమీ లేదు. ప్రాసిక్యూషన్ దగ్గర ఉన్నదల్లా బళ్లారిలో ఒక లాడ్జి రిజిస్టరు. ఏ1, ఏ2, మావాడు ఒకే రాత్రి మూడు గదులు తీసుకున్నట్టు అందులో మూడు సంతకాలున్నాయి.

నాకు ఉత్సాహం ఎక్కువైంది. డిశ్చార్జ్ పిటిషన్ (విచారణ మొదలవకముందే నిందితుణ్ని కేసు నుంచి తప్పించమనేది) వేసి గంటసేపు వాదించాను. మాట్లాడుకున్నది బళ్లారిలో, కాబట్టి ఒప్పందం ఏదైనా ఉంటే అది బళ్లారిలో, గుంటూరు కోర్టుకు పరిధి లేదు అని. పీపీ గారు పెద్దాయన, లేచి ఒకే వాక్యం అన్నారు: "ముగ్గురూ బళ్లారిలో కూర్చుని మాట్లాడుకున్నారని లాయరు గారు ఒప్పుకుంటున్నారు, రికార్డు చేయండి సార్." కోర్టు హాల్లో నవ్వులు. జడ్జి గారు నవ్వలేదు కానీ పెన్ను ఆపి నా వైపు చూశారు. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. పిటిషన్ పోయింది, అది కాదు నష్టం. మావాడు లాడ్జికి తన సరుకు పని మీద వెళ్లాడనీ, మిగతా ఇద్దరితో బాండ్ల మాటే రాలేదనీ చెప్పాల్సిన నోటితో, ఎక్కడ మాట్లాడుకున్నారో నేనే చూపించాను.

కుట్ర కేసులో "ఎక్కడ" అని గట్టిగా వాదించే కొద్దీ, "జరిగింది" అని ఒప్పుకున్నట్టు వినిపిస్తుంది. "ప్రాసిక్యూషన్ చెప్పిందంతా నిజమే అనుకున్నా" అని ముందు కట్టుకుని వాదించవచ్చు, వాదించాలి కూడా. కానీ మీ అసలు బలం ఒప్పందమే లేదన్న చోట ఉంటే, బలమంతా ఆ వైపే పెట్టండి. ఆ మిర్చి కేసులో మావాడు చివరికి బయటపడ్డాడు, ఏడేళ్ల తర్వాత, పరిధి వల్ల కాదు. బాండ్ల సంగతి అతనికి తెలుసునని చెప్పే కాగితం ఒక్కటీ లేకపోవడం వల్ల.

పెద్ద కేసుల్లోనూ ఇదే కనిపిస్తుంది. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగింది. కుట్ర మూలాలు శ్రీలంకలో అన్నది అభియోగం. విచారణ పూనమల్లి ప్రత్యేక కోర్టులో. 1998 జనవరిలో ఆ కోర్టు 26 మందికీ ఉరిశిక్ష వేసింది. 1999 మేలో సుప్రీం కోర్టు నలుగురి ఉరిని ఖాయం చేసి, ముగ్గురికి యావజ్జీవం చేసి, 19 మందిని హత్య, కుట్ర ఆరోపణల నుంచి తప్పించింది. ఆ 19 మంది విషయంలో తేల్చింది పూనమల్లికి పరిధి ఉందా లేదా అని కాదు. నిందితులతో పరిచయం ఉండటం, ఇంట్లో చోటివ్వడం ఒకటి, హత్య చేద్దామన్న ఒప్పందంలో ఉండటం వేరొకటి. మీ తమ్ముడి వెబ్‌సైట్‌ను కూడా ఈ గీటురాయి మీదే చూస్తారు: డబ్బు తిరిగి ఇవ్వరని తెలిసే చేసిచ్చాడా, ఫీజు తీసుకుని పని చేసిచ్చాడా?

అలాగని పరిధి వాదన ఎప్పుడూ నిలవదని కాదు. ఒకసారి గెలిచాను. బోరు బండ్ల వ్యాపారంలో భాగస్తుల గొడవ. ఒప్పందం సేలంలో, డబ్బు ఇచ్చింది సేలంలో, బండి తిరిగింది తమిళనాడులో. ఫిర్యాదుదారు ఆ తర్వాత రాజమండ్రికి కాపురం మార్చి, అక్కడ ప్రైవేటు కంప్లయింట్ (పోలీసుల ద్వారా కాకుండా నేరుగా కోర్టులో ఫిర్యాదు) వేశాడు. అందులో కుట్ర గురించి ఉన్నది ఒకే ముక్క: "ముద్దాయిలందరూ కలిసి కుట్ర పన్ని." మేజిస్ట్రేట్ గారు "ఎక్కడ పన్నారు, ఎప్పుడు పన్నారు?" అని అడిగారు. అవతలి లాయరు కాగితాలు తిరగేశారు. ఫిర్యాదుదారు ఇల్లు రాజమండ్రిలో ఉందన్నది తప్ప, ఆ ఊరికి ఈ కేసుకు సంబంధం చూపించలేకపోయారు. కంప్లయింట్‌ను సరైన కోర్టులో వేసుకోమని వాపసు ఇచ్చారు. ఇప్పుడు అది బీఎన్ఎస్ఎస్ 224 కింద జరుగుతుంది. అంటే కుట్ర అన్న పదాన్ని పరిధి కోసం అతికిస్తే సరిపోదు. కనీసం ఆరోపణలో ఏదో ఒక పని, మాట, డబ్బు ఆ ఊరిని తాకాలి. మీ కేసులో ఆఫీసే విజయవాడలో ఉంది, కాబట్టి ఈ దారి మీకు మూసుకుపోయింది.

ఒక సందేహం చాలామంది జూనియర్లకు కూడా ఉంటుంది. చివరికి కుట్ర రుజువు కాకపోతే, ఆ కుట్ర ఆధారంగా తెచ్చుకున్న పరిధి కూడా కూలిపోతుందా? కూలదు. చూసేది అభియోగం మోపిన నాటి స్థితిని, ఫలితాన్ని కాదు. పలువురు నిందితుల ఉమ్మడి విచారణ విషయంలో 1938లో ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో లండన్‌లో ఉన్న చివరి అప్పీలు కోర్టు) చెప్పిన సూత్రమే ఇక్కడా పనిచేస్తోంది. ఇంకొకటి: తప్పు జిల్లాలో విచారణ జరిగిందన్న ఒక్క కారణంతో తీర్పు కొట్టేయరు, దానివల్ల అన్యాయం జరిగిందని చూపిస్తే తప్ప (బీఎన్ఎస్ఎస్ 508). కాబట్టి నిజంగా పరిధి పాయింట్ ఉన్నవాళ్లు మొదటి వాయిదాల్లోనే లేవనెత్తాలి. అప్పీల్లో గుర్తొస్తే లాభం లేదు.

ఎఫ్ఐఆర్ దశలో అయితే ఈ వాదనకు ఇంకా తక్కువ బలం. దర్యాప్తు చేసే పోలీసుకు ఆ స్టేషను పరిధి లేదన్న కారణంతో ఎఫ్ఐఆర్ కొట్టేయకూడదని సుప్రీం కోర్టు 1999లోనే సత్వీందర్ కౌర్ కేసులో చెప్పింది. పైగా ఇప్పుడు జీరో ఎఫ్ఐఆర్‌ను (నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా నమోదు చేసేది) చట్టంలోనే రాశారు, బీఎన్ఎస్ఎస్ 173లో.

ప్రాసిక్యూషన్ తనకు అనువైన చోటు ఎంచుకోవడం కొత్త విద్య కాదు. 1929లో బొంబాయి, కలకత్తా నుంచి కార్మిక నాయకుల్ని, కమ్యూనిస్టుల్ని పట్టుకుని మీరట్‌లో కుట్ర కేసు పెట్టారు. వాళ్లలో చాలామంది మీరట్ మొహం చూసినవాళ్లు కారు. బొంబాయి, కలకత్తాల్లో అయితే జ్యూరీ ముందు విచారణ పెట్టాలి, మీరట్‌లో ఆ బాధ లేదు. మీరట్‌లో కార్మిక కర్షక పార్టీ శాఖ ఒకటి ఉందన్న చిన్న తాడు దొరికింది, దాంతో లాగారు. తీర్పు వచ్చేసరికి 1933 జనవరి. మన దగ్గర కూడా పార్వతీపురం కుట్ర కేసు, సికింద్రాబాద్ కుట్ర కేసు అని ఊరి పేర్లతోనే గుర్తుండిపోయాయి. సికింద్రాబాద్ కేసు 1974లో పెడితే 1989లో అందరూ నిర్దోషులుగా బయటికొచ్చారు. పదిహేనేళ్లు వాయిదాలకు తిరగడమే సగం శిక్ష. అందుకే చోటు గురించి మీ ఆందోళన నాకు అర్థమవుతుంది. నెలకోసారి బెంగళూరు నుంచి బెజవాడ రైలెక్కడం చిన్న విషయం కాదు.

దానికి మందు పరిధి వాదన కాదు, బదిలీ, లేదా హాజరు మినహాయింపు. పరిధి ఉన్న కోర్టు నుంచి కూడా న్యాయం కోసం కేసు మార్చవచ్చు. ఒకే రాష్ట్రంలో అయితే హైకోర్టు (447), రాష్ట్రం దాటితే సుప్రీం కోర్టు (446). వివేకానంద రెడ్డి హత్య కేసు గుర్తుండే ఉంటుంది. 2019లో హత్య జరిగింది పులివెందులలో. కడప కోర్టుకు పరిధి ఉందన్నదాంట్లో ఎవరికీ అనుమానం లేదు. అయినా 2022 నవంబరులో సుప్రీం కోర్టు విచారణను హైదరాబాద్ సీబీఐ కోర్టుకు మార్చింది. కానీ అది సాక్షుల భద్రత, విచారణ సవ్యంగా సాగడం లాంటి కారణాలున్న కేసు. "మా వాడికి దూరం" అన్నది అంత బరువు తూగదు. హాజరు మినహాయింపు పిటిషన్ వేసుకుంటే చాలా వాయిదాలకు మీ లాయరు సరిపోతారు.

డాలస్ స్నేహితుడి సంగతి కూడా అడిగారు. విదేశంలో భారతీయుడు చేసిన నేరానికి ఇక్కడ విచారణ జరగాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి, పాత 188, ఇప్పటి 208. కానీ కుట్రలో ఒక భాగం ఇక్కడ జరిగితే ఆ అనుమతి అక్కర్లేదని 1993లో సుప్రీం కోర్టు అజయ్ అగర్వాల్ కేసులో చెప్పింది. దుబాయ్‌లో ఉన్న వ్యాపారి, చండీగఢ్‌లో బ్యాంకు మోసం. నిందితుడు దుబాయ్‌లో కూర్చున్నా కుట్ర చండీగఢ్‌లో మొదలైంది కాబట్టి విడదీయలేమన్నారు. అనుమతి ఎక్కడ కావాలో చూపించే కేసు మన అద్దంకి కోర్టు నుంచే వెళ్లింది. భార్యను బోట్స్వానాలో వేధించాడన్న ఆరోపణకు అనుమతి లేకుండా విచారణ సాగదనీ, ఇక్కడ జరిగిన కట్నం ఆరోపణలకు అక్కర్లేదనీ 2011లో తీర్పు. మీ డాలస్ వాడు అమెరికా పౌరుడైపోయినా తప్పించుకోలేడు. కరాచీలో కూర్చుని ఫోన్లు, టెలిగ్రాములతో బియ్యం బేరం పేరున మోసం చేసిన పాకిస్తానీ మీద బొంబాయిలో పడిన శిక్షను సుప్రీం కోర్టు 1957లోనే సమర్థించింది. మనిషి అక్కడున్నా మోసం ఇక్కడ పండిందన్నారు. అతన్ని తీసుకురావడం వేరే తలనొప్పి, అది పోలీసులది.

ఇక మీరు ఇప్పుడు చేయాల్సింది. మొదట, ముందస్తు బెయిల్. బెంగళూరులో ఉంటూ ఆంధ్రా ఎఫ్ఐఆర్‌కు అక్కడే అడగవచ్చా అంటే, పరిమిత కాలానికి మధ్యంతర రక్షణ అడగవచ్చు. 2023 నవంబరులో ప్రియా ఇండోరియా కేసులో సుప్రీం కోర్టు దీన్ని తేల్చింది. ఆ గడువులో విజయవాడ కోర్టుకో, ఏపీ హైకోర్టుకో వెళ్లి అసలు బెయిల్ తెచ్చుకోవాలి. 318(4)కు గరిష్ఠ శిక్ష ఏడేళ్లే కాబట్టి, అరెస్టు చేయకుండా పోలీసుల ముందు హాజరు కమ్మనే నోటీసు, బీఎన్ఎస్ఎస్ 35(3) కింద, రావచ్చు. వస్తే తప్పక హాజరు కండి. ఫోన్ ఫార్మాట్ చేయడం లాంటి తెలివితేటలకు పోవద్దని మీ తమ్ముడికి గట్టిగా చెప్పండి.

రెండోది, ఆంధ్రాలోనే డిపాజిటర్ల రక్షణ చట్టం (1999) సెక్షన్లు చేరుస్తారేమో గమనించండి. డిపాజిట్ స్కీముల్లో తరచూ చేరుస్తారు, అప్పుడు కేసు ప్రత్యేక కోర్టుకు పోతుంది. బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఇంకో ఎఫ్ఐఆర్ పడితే, అన్నీ ఒకచోటికి చేర్చమని సుప్రీం కోర్టుకు వెళ్లేవాళ్లున్నారు. కానీ ఒక్కో రాష్ట్రం డిపాజిటర్ల చట్టం, ఒక్కో ప్రత్యేక కోర్టు ఉండటం వల్ల అది తేలిగ్గా కుదరదు. అప్పటిదాకా ఆ టెన్షన్ పెట్టుకోవద్దు.

చార్జ్‌షీట్ వచ్చాక డిశ్చార్జ్ పిటిషన్‌కు కొత్త చట్టంలో గడువుంది, కాపీలు అందిన నాటి నుంచి 60 రోజులు (262). ఆ లోపు ఆ మూడు జమల లెక్క తేల్చాలి. వెబ్‌సైట్ పనికి ఇన్వాయిస్ ఇచ్చాడా? మెయిల్‌లో రేటు మాట్లాడుకున్నాడా? జమలు వసూళ్లలో వాటాలా కనిపిస్తున్నాయా, ఒప్పుకున్న ఫీజు వాయిదాల్లా కనిపిస్తున్నాయా? జూమ్ మీటింగుల్లో అతను బటన్లు, పేజీల గురించి మాట్లాడాడా, లాభం శాతాల గురించా? బ్యాంకు స్టేట్‌మెంటు, ఆ మెయిళ్లు తీసుకుని విజయవాడలో క్రిమినల్ వైపు పనిచేసే లాయరును కలవండి. బెంగళూరు లాయరును కాదు.